గేమింగ్ పీసీకి ప్రాసెసర్: ఎంపిక నుంచి ఓవర్‌క్లాకింగ్ దాకా సమగ్ర మార్గదర్శి

ఓవర్‌క్లాకింగ్ అంటే ప్రాసెసర్‌ను కంపెనీ పెట్టిన వేగం కన్నా ఎక్కువ వేగంతో నడపడం. ఒకప్పుడు ఆ పని అంటే మల్టిప్లయర్ (చిప్ వేగాన్ని నిర్ణయించే గుణకం) పెంచడం, సరిపోకపోతే వోల్టేజీ పెంచడం, వేడెక్కితే ఇంకా పెద్ద కూలర్ బిగించడం. ఇప్పటి చిప్పులు ఆ పనిని తమంతట తామే చేసుకుంటున్నాయి. 65 వాట్ల రైజెన్ 5 7600 ఎవరూ ముట్టుకోకుండానే 5.1 గిగాహెర్ట్జ్ అందుకుంటుంది. దాన్ని చేత్తో అదే వేగానికి కట్టేస్తే గేముకు ఒరిగేదేమీ లేదు, వేడి మాత్రం పెరుగుతుంది. ఇవాళ పనికొచ్చే ఓవర్‌క్లాకింగ్ వోల్టేజీని తగ్గించడంలోనూ, ర్యామ్‌ను సరిగ్గా నడపడంలోనూ ఉంది. వాటికన్నా ముందు సరైన చిప్ కొనాలి. తక్కువ క్యాష్ (చిప్ లోపలే ఉండే వేగవంతమైన మెమరీ) ఉన్న చిప్ కొన్నాక ఏ బయోస్ (విండోస్ కన్నా ముందు లేచే బోర్డు సాఫ్ట్‌వేర్) సెట్టింగూ దాన్ని పూడ్చలేదు.

అడ్డుపడుతున్నది ఏది?

కొత్త ప్రాసెసర్ కొనే ముందు ఇప్పుడున్న పీసీలో పావుగంట పరీక్ష చేయండి. గేములో వీ-సింక్ (ఫ్రేములను మానిటర్ వేగానికి కట్టేసే సెట్టింగ్), ఫ్రేమ్ లిమిట్ రెండూ తీసేయండి. రద్దీగా ఉండే ఒక చోటు ఎంచుకుని ఎఫ్‌పీఎస్ (సెకనుకు ఎన్ని ఫ్రేములో) రాసుకోండి. ఇప్పుడు రిజల్యూషన్‌ను 1080 నుంచి 720కి దించండి, లేదా డీఎల్ఎస్ఎస్, ఎఫ్ఎస్ఆర్ లాంటి అప్‌స్కేలింగ్‌ను (తక్కువ రిజల్యూషన్‌లో గీసి పెద్దది చేసే పద్ధతి) పర్ఫార్మెన్స్ మోడ్‌లో పెట్టండి. అదే చోట ఎఫ్‌పీఎస్ బాగా పెరిగితే అడ్డుపడుతున్నది గ్రాఫిక్స్ కార్డు. దాదాపు కదలకపోతే ప్రాసెసర్, లేదా ర్యామ్.

ఈ పరీక్షలో రిజల్యూషన్ తప్ప మరేదీ మార్చకూడదు. జనసాంద్రత, దూరదృశ్యాల పరిధి, రే ట్రేసింగ్ వంటివి ప్రాసెసర్ మీద కూడా భారం వేస్తాయి. వాటిని తగ్గిస్తే ఫలితం తారుమారవుతుంది.

టాస్క్ మేనేజర్‌లో సీపీయూ 40 శాతమే కనబడుతోంది కాబట్టి ప్రాసెసర్ ఖాళీగా ఉందనుకోవడం చాలామంది చేసే పొరపాటు. 12 థ్రెడ్లు (ఒకేసారి నడపగల పనుల వరసలు) ఉన్న చిప్‌లో ఒక థ్రెడ్ పూర్తిగా నిండినా మొత్తంలో అది 8 శాతమే. గేము ప్రధాన థ్రెడ్ ఆ ఒక్కదాని మీదే వేలాడుతూ ఉండొచ్చు. కాబట్టి గ్రాఫిక్స్ కార్డు వినియోగం చూడండి. ఫ్రేమ్ లిమిట్ లేకుండా కూడా అది 95 శాతానికి చేరకపోతుంటే ప్రాసెసర్ వెనకబడుతోందని అర్థం.

60 లేదా 75 హెర్ట్జ్ మానిటర్ మీద కథ నడిచే గేములు ఆడేవారికి ఆరు కోర్ల మామూలు చిప్ చాలు. మిగిలిన డబ్బు గ్రాఫిక్స్ కార్డుకు వెళ్లాలి. 240 హెర్ట్జ్ మానిటర్ మీద వాలరెంట్, కౌంటర్-స్ట్రైక్ 2 ఆడేవారి లెక్క వేరు. అక్కడ గ్రాఫిక్స్ కార్డు తేలిగ్గానే నెట్టుకొస్తుంది, పరుగంతా ప్రాసెసర్‌దే. ఫ్లైట్ సిమ్యులేటర్, ఫాక్టోరియో లాంటి సిమ్యులేషన్ గేములదీ ఇదే దారి.

చిప్ ఎంపిక: గిగాహెర్ట్జ్ కన్నా ఎల్3 క్యాష్

గేము ప్రతి ఫ్రేముకూ వందల వస్తువుల వివరాలు వెతుక్కుంటుంది. కావలసింది క్యాష్‌లో దొరికితే పోపుల డబ్బాలోంచి ఆవాలు తీసినట్టు, దొరకక ర్యామ్ దాకా వెళ్తే వీధి చివర కొట్టుకు పరిగెత్తినట్టు. అందుకే 96 ఎంబీ ఎల్3 (చిప్‌లోని అన్నిటికన్నా పెద్ద క్యాష్) ఉన్న రైజెన్ 7 7800ఎక్స్3డీ, 5.0 గిగాహెర్ట్జ్ దగ్గరే ఆగిపోయినా, గేముల్లో అంతకన్నా వేగంగా తిరిగే చిప్పులను దాటేసింది.

ఇప్పటికి అర్థవంతమైన ఎంపికలు ఇవి:

- తక్కువ బడ్జెట్, కొత్త బోర్డు: రైజెన్ 5 7500ఎఫ్ లేదా 7600. ఆరు కోర్లు, 12 థ్రెడ్లు, 32 ఎంబీ ఎల్3. 7500ఎఫ్‌లో ఇన్‌బిల్ట్ గ్రాఫిక్స్ ఉండవు. గ్రాఫిక్స్ కార్డు పాడైన రోజున తెర మీద బొమ్మ కూడా రాదు, అది గుర్తుంచుకోండి.
- మధ్యస్థం: రైజెన్ 5 9600ఎక్స్. ఇదీ 65 వాట్లే. సింగిల్ థ్రెడ్ వేగం 7600 కన్నా మెరుగు.
- గేమింగే ముఖ్యమైతే: 7800ఎక్స్3డీ, లేదా 2024 నవంబరులో వచ్చిన 9800ఎక్స్3డీ. రెండూ ఎనిమిది కోర్లవే. పాత చిప్‌లో అదనపు క్యాష్ పొర కోర్ల పైన కూర్చుని వేడిని అడ్డగించేది. 9800ఎక్స్3డీలో ఆ పొరను కోర్ల కిందికి మార్చారు. అందుకే అది చల్లగా ఉంటూ 5.2 గిగాహెర్ట్జ్ దాకా వెళ్తుంది. ఓవర్‌క్లాకింగ్‌కు మల్టిప్లయర్ కూడా తెరిచే ఉంచారు.
- ఇప్పటికే ఏఎం4 (ఏఎండీ పాత సాకెట్) బోర్డు ఉన్నవారు: బోర్డు, ర్యామ్ మార్చకుండా బయోస్ అప్‌డేట్ చేసుకుని 5700ఎక్స్3డీ వేసుకోవడం, అది దొరికితే, అన్నిటికన్నా లాభసాటి బేరం.
- ఇంటెల్: గేమింగ్‌తో పాటు వీడియో ఎడిటింగ్, రెండరింగ్ ఎక్కువగా ఉంటే కోర్ ఐ5 14600కే, కోర్ అల్ట్రా 7 265కే.

పన్నెండు, పదహారు కోర్ల చిప్పులు గేమింగ్ ఒక్కదానికే అయితే దండగ. ప్లేస్టేషన్ 5, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ రెండింటిలోనూ ఎనిమిదేసి కోర్లే ఉన్నాయి. గేములు తయారయ్యేది ఆ కొలతకే. పైగా 7950ఎక్స్3డీ లాంటి వాటిలో అదనపు క్యాష్ ఒక సగానికే ఉంటుంది. గేము రెండో సగంలోకి వెళ్లకుండా విండోస్, ఎక్స్‌బాక్స్ గేమ్ బార్ కాపలా కాయాలి.

పేర్లలో ఉచ్చులున్నాయి, జాగ్రత్త. రైజెన్ 5 5500, ఎక్స్ లేని రైజెన్ 7 5700 చూడ్డానికి 5600, 5700ఎక్స్‌ల తమ్ముళ్లలా ఉంటాయి. కానీ వాటి ఎల్3 16 ఎంబీ మాత్రమే, పీసీఐఈ (గ్రాఫిక్స్ కార్డుకు వెళ్లే దారి) 3.0 దగ్గరే ఆగిపోతాయి. 8600జీ, 8700జీలు కూడా 16 ఎంబీవే. విడిగా గ్రాఫిక్స్ కార్డు పెట్టేవారు వాటి జోలికి వెళ్లకూడదు. ఇంటెల్‌లో ఎఫ్ అంటే ఇన్‌బిల్ట్ గ్రాఫిక్స్ లేనిది, కే అంటే మల్టిప్లయర్ తాళం లేనిది.

సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లోనో, బెంగళూరు ఎస్పీ రోడ్డులోనో కొనేటప్పుడు బాక్స్ ప్రాసెసరా, (డబ్బా లేకుండా విడిగా వచ్చే) ట్రే ప్రాసెసరా అని ముందే అడగండి. ట్రేలో వచ్చినదానికి తయారీ కంపెనీ నేరుగా వారంటీ ఇవ్వదు, అమ్మినవారి మాటే వారంటీ. బాక్స్‌కు మూడేళ్లు ఉంటుంది. బిల్లు మీద సీరియల్ నంబరు రాయించుకోండి.

బోర్డు, కూలర్, ఎస్ఎంపీఎస్

ఏఎండీలో ఏ620 చిప్‌సెట్ బోర్డు ప్రాసెసర్ ఓవర్‌క్లాకింగ్‌కు ఒప్పుకోదు. బీ650, బీ850 ఒప్పుకుంటాయి. గేమింగ్‌కు ఎక్స్670, ఎక్స్870 దాకా వెళ్లనవసరం లేదు. ఆ అదనపు ధర ఎక్కువగా పోర్టులకే. ఇంటెల్‌లో కే చిప్ వేగం పెంచాలంటే జెడ్ సిరీస్ తప్పనిసరి: 12, 13, 14 తరాలకు జెడ్690 లేదా జెడ్790, కోర్ అల్ట్రా 200 సిరీస్‌కు జెడ్890. బీ760లో ర్యామ్ వేగం పెంచుకోవచ్చు, కోర్ల మల్టిప్లయర్ మాత్రం కదలదు. కే చిప్ కొని బీ760 మీద పెట్టడమంటే తాళం తీసే హక్కు కొని తలుపు కొనకపోవడమే.

బోర్డు కొనేటప్పుడు రెండు విషయాలు చూడండి. వీఆర్ఎం (ప్రాసెసర్‌కు వోల్టేజీ అందించే భాగం) మీద నిజమైన లోహపు హీట్‌సింక్ ఉందా? వెనక బయోస్ ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఉందా? పాత స్టాకు బీ650 బోర్డులో 9000 సిరీస్ చిప్ పెడితే బయోస్ అప్‌డేట్ చేసేదాకా బూట్ కాదు. ఆ బటన్ ఉంటే చిప్ లేకుండానే పెన్‌డ్రైవ్‌తో ఆ పని అయిపోతుంది.

7600తో వచ్చే రైత్ స్టెల్త్ కూలర్ పనిచేస్తుంది కానీ ఎండాకాలంలో గోల చేస్తుంది. 120 మిల్లీమీటర్ల ఫ్యాన్, నాలుగు హీట్ పైపులున్న సింగిల్ టవర్ కూలర్ దీనికి ధారాళం. 7600ఎక్స్ లాగా 142 వాట్లు తాగే చిప్పులకు, ఎక్స్3డీ చిప్పులకు డ్యూయల్ టవర్ మంచిది. 14700కే, 14900కే 253 వాట్ల దాకా వెళ్తాయి. వాటికి 360 మిల్లీమీటర్ల లిక్విడ్ కూలర్ ఉండాలి.

గది వేడి లెక్కలోకి తీసుకోండి. చిప్‌కు బిగించిన ఎయిర్ కూలర్ దాన్ని గది గాలి కన్నా ఎక్కువ చల్లబరచలేదు, రెండిటి మధ్య తేడాను మాత్రమే అదుపులో ఉంచగలదు. జనవరిలో 25 డిగ్రీల గదిలో 72 చూపించిన చిప్, మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో ఏసీ లేని 39 డిగ్రీల గదిలో అదే పనికి 86 చూపిస్తుంది. చలికాలంలో అంచుదాకా లాగి పెట్టిన సెట్టింగ్ వేసవిలో తిరగబడేది ఇందుకే.

ఎస్ఎంపీఎస్ (పీసీకి కరెంటు అందించే పెట్టె) పేరున్న కంపెనీ 650 వాట్ల 80 ప్లస్ గోల్డ్ అయితే మధ్యస్థ గ్రాఫిక్స్ కార్డుతో సరిపోతుంది. ఒక మోడ్యులర్ ఎస్ఎంపీఎస్ కేబుళ్లను ఇంకోదానికి పెట్టకండి. కనెక్టర్ ఆకారం ఒకటే ఉన్నా అవతలి చివర పిన్నుల వరస వేరుగా ఉండొచ్చు. బోర్డు, డిస్కులు కాలిపోయే ప్రమాదం ఉంది.

బిగించేటప్పుడు

ఏఎం5 (ఏఎండీ కొత్త సాకెట్), ఇంటెల్ రెండింటిలోనూ పిన్నులు ఇప్పుడు సాకెట్‌లోనే ఉంటాయి. ఒక్క పిన్ను వంగినా ఒక ర్యామ్ ఛానల్ పనిచేయకపోవచ్చు, బోర్డు వారంటీ కూడా పోతుంది. చిప్ మూలలోని బాణం గుర్తును సాకెట్ గుర్తుతో కలిపి, నిలువుగా వదలండి. నొక్కవద్దు. థర్మల్ పేస్ట్ మధ్యలో బఠానీ గింజంత వేస్తే చాలు. ఏఎం5 మూత అంచుల్లో గంట్లు ఉంటాయి కాబట్టి పేస్ట్ కొంచెం వాటిలోకి జారుతుంది. మామూలు పేస్ట్‌కు విద్యుత్ పారదు కాబట్టి నష్టం లేదు. అదే లిక్విడ్ మెటల్ అయితే ఆ గంట్లలోని కెపాసిటర్లు షార్ట్ అవుతాయి. కూలర్ అడుగున ఉన్న ప్లాస్టిక్ పొర తీశారో లేదో రెండోసారి చూడండి. "కొత్త పీసీ 95 డిగ్రీలు చూపిస్తోంది" అన్న ఫిర్యాదుల్లో ఆ పొర వాటా తక్కువేమీ కాదు.

ర్యామ్ రెండే కర్రలు (స్టిక్‌లు) కొనండి, నాలుగు వద్దు. ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండో, నాలుగో స్లాట్లలో పెట్టండి. నాలుగు కర్రలు పెడితే రైజెన్ 7000కు ఏఎండీ హామీ ఇచ్చే వేగం డీడీఆర్5-5200 నుంచి 3600కు పడిపోతుంది.

బయోస్ ముట్టుకునే ముందు

ఒకటి, బిట్‌లాకర్ (విండోస్ డిస్కు ఎన్‌క్రిప్షన్) రికవరీ కీ. విండోస్ 11 చాలా పీసీల్లో డిస్కును అడగకుండానే ఎన్‌క్రిప్ట్ చేస్తుంది. బయోస్ అప్‌డేట్ చేసినా, సీఎంఓఎస్ (బయోస్ సెట్టింగులు దాచే మెమరీ) క్లియర్ చేసినా టీపీఎం (పీసీలోని భద్రతా విభాగం) కొలతలు మారిపోయి, తర్వాతి బూట్‌లో 48 అంకెల కీ అడగవచ్చు. మైక్రోసాఫ్ట్ ఖాతాలోంచి దాన్ని ముందే కాగితం మీదికి ఎక్కించండి.

రెండు, బయోస్ అప్‌డేట్. యూపీఎస్ మీద ఉన్నప్పుడే చేయండి. మధ్యలో కరెంటు పోతే బోర్డు మూగబోతుంది, ఫ్లాష్‌బ్యాక్ బటన్ లేకపోతే సర్వీస్ సెంటరే గతి. అప్‌డేట్‌ను దాటేయవద్దు. 2023 వసంతంలో కొన్ని 7800ఎక్స్3డీ చిప్పులు సాకెట్‌లోనే కాలిపోయినప్పుడు, ఏఎండీ కొత్త బయోస్ ద్వారా ఎస్ఓసీ (చిప్‌లో మెమరీ కంట్రోలర్ ఉండే భాగం) వోల్టేజీకి 1.30 వోల్టుల పరిమితి పెట్టింది. పాత బయోస్‌లో ఆ గీత ఉండదు.

మూడు, వారంటీ. ఎక్స్‌పో (ర్యామ్ వేగపు ప్రొఫైల్), పీబీఓ (ప్రెసిషన్ బూస్ట్ ఓవర్‌డ్రైవ్, చిప్ బూస్ట్ పరిమితులు మార్చే సెట్టింగ్) వాడకం వల్ల వచ్చిన నష్టానికి వారంటీ వర్తించదని ఏఎండీ నిబంధన. వోల్టేజీ తగ్గించడంతో చిప్ కాలిపోదు కానీ కాగితం మీద ఉన్నది ఇది.

నాలుగు, మొదటి కొలత. హెచ్‌డబ్ల్యూఇన్ఫో64 (సెన్సర్ల అంకెలు చూపే సాఫ్ట్‌వేర్) తెరిచి, సినీబెంచ్ ఆర్23 (ప్రాసెసర్ వేగ పరీక్ష) మల్టీకోర్ పది నిమిషాలు నడపండి. స్కోరు, గరిష్ఠ ఉష్ణోగ్రత, పీపీటీ (చిప్ సాకెట్ నుంచి తాగే మొత్తం) వాట్లు, అన్ని కోర్ల "ఎఫెక్టివ్ క్లాక్" రాసుకోండి. మామూలు క్లాక్ కాదు, ఎఫెక్టివ్ క్లాకే చూడాలి. వోల్టేజీ చాలకపోతే చిప్ కూలిపోకుండా ఉండటానికి క్లాక్‌ను సాగదీస్తుంది. పైకి 5.1 చూపిస్తూ లోపల 4.8 పనే చేస్తుంది. తర్వాత మీరు ఎక్కువగా ఆడే గేములో ఒకే దారిలో మూడుసార్లు తిరిగి, కాప్‌ఫ్రేమ్‌ఎక్స్‌తో సగటు ఎఫ్‌పీఎస్‌నూ, అన్నిటికన్నా నెమ్మదైన ఒక శాతం ఫ్రేముల విలువనూ నమోదు చేయండి. చేతికి కుదుపుగా అనిపించేది ఈ రెండో అంకె పడిపోయినప్పుడే.

మొదట ర్యామ్

ర్యామ్, ప్రాసెసర్ రెండూ ఒకేసారి మారిస్తే, తప్పు ఎక్కడుందో తెలియదు. ర్యామ్ పూర్తిగా తేలాకే రెండోదానికి వెళ్లాలి.

ఏఎం5కు సరైన కొలత డీడీఆర్5-6000, సీఎల్30 (సీఎల్ అంటే ఆలస్యపు కొలత, తక్కువైతే మేలు). బయోస్‌లో ఎక్స్‌పో ప్రొఫైల్ ఎంచుకుని, యూసీఎల్‌కే (మెమరీ కంట్రోలర్ వేగం), ఎంసీఎల్‌కే (ర్యామ్ వేగం) రెండూ సమానంగా 3000 ఉన్నాయో లేదో చూడండి. 6400 దాటితే చాలా బోర్డులు మెమరీ కంట్రోలర్‌ను సగం వేగానికి దించేస్తాయి. డబ్బా మీద పెద్ద అంకె కనబడుతుంది, ఆలస్యం మాత్రం పెరుగుతుంది. ఎఫ్‌సీఎల్‌కే (చిప్ లోపలి భాగాలను కలిపే లంకె వేగం) 2000 దగ్గర పెట్టండి.

సేవ్ చేసి బయటికి రాగానే తెర నల్లగా ఉండిపోతుంది. డీర్యామ్ లైటు వెలుగుతూ నిమిషాల తరబడి అలాగే ఉండొచ్చు. అది మెమరీ ట్రైనింగ్. కంగారుపడి పవర్ బటన్ నొక్కవద్దు, పది నిమిషాలు ఆగండి.

బూట్ అయ్యాక ఎస్ఓసీ వోల్టేజీ చూడండి. కొన్ని బోర్డులు తమంతట తాము 1.30 దగ్గర పెట్టేస్తాయి. 6000కు 1.20 నుంచి 1.25 సాధారణంగా చాలు. 0.02 చొప్పున దించుతూ పరీక్షించండి. మెమ్‌టెస్ట్86 నాలుగు పాసులు, ఆ తర్వాత విండోస్‌లో టెస్ట్‌మెమ్5 ఓ రాత్రంతా. ఒక్క ఎర్రర్ వచ్చినా అది విఫలమే. "గేము బాగానే ఆడుతోంది కదా" అని వదిలేస్తే ఆ తప్పుడు బిట్లు డిస్కు మీదికి ఎక్కి విండోస్ ఫైళ్లను, సేవ్ గేములను మెల్లగా తినేస్తాయి.

ఇక్కడిదాకా సజావుగా ఉంటే ఒక్క టైమింగ్ మార్చడం లాభదాయకం: టీఆర్ఈఎఫ్ఐ. 6000 దగ్గర అది దాదాపు 11,700 ఉంటుంది. ర్యామ్ గదుల్లోని ఛార్జ్ కారిపోకముందే తిరిగి నింపే రిఫ్రెష్‌ల మధ్య వ్యవధి ఇది. రిఫ్రెష్ జరుగుతున్నప్పుడు ర్యామ్ పనిచేయదు కాబట్టి ఈ అంకెను 32,000కో 50,000కో పెంచితే ఖాళీ సమయం తగ్గుతుంది. అయితే వేడిలో ఛార్జ్ త్వరగా కారుతుంది. గ్రాఫిక్స్ కార్డు వేడి గాలి కింద ర్యామ్ 55 డిగ్రీలకు చేరితే, చలికాలంలో పాసైన 50,000 మే నెలలో ఎర్రర్లు ఇస్తుంది. మన ఎండలకు 32,000 దగ్గర ఆగడం మేలు.

ఎక్స్3డీ చిప్పుల్లో ర్యామ్ మీద ఇంత శ్రమ పడక్కర్లేదు. పెద్ద క్యాష్ ర్యామ్ ఆలస్యాన్ని చాలావరకు కప్పేస్తుంది. ఎక్స్‌పో ఆన్ చేసి ముందుకు సాగండి.

అసలు పని: కర్వ్ ఆప్టిమైజర్

ప్రతి వేగానికి ఎంత వోల్టేజీ ఇవ్వాలో చెప్పే పట్టిక ప్రతి రైజెన్ చిప్‌లో ఉంటుంది. లక్షల చిప్పుల్లో బలహీనమైనది కూడా నడవాలి కాబట్టి ఆ పట్టికలో కొంత అదనం కలుపుతారు. మీ చిప్‌కు అంత అవసరం ఉండకపోవచ్చు. కర్వ్ ఆప్టిమైజర్‌లో మైనస్ ఒక మెట్టు అంటే దాదాపు 3 నుంచి 5 మిల్లీవోల్టుల తగ్గింపు. మైనస్ 20 అంటే 60 నుంచి 100 మిల్లీవోల్టులు. అదే వేగానికి వోల్టేజీ తగ్గితే వేడి, వాట్లు తగ్గుతాయి. ఆ మిగిలిన జాగాను బూస్ట్ అల్గారిథమ్ తనంతట తానే వేగంగా మార్చుకుంటుంది. తగ్గించడం వల్ల వేగం పెరగడంలోని కిటుకు ఇదే.

1. బయోస్‌లో అడ్వాన్స్‌డ్, అందులో ఏఎండీ ఓవర్‌క్లాకింగ్, అందులో ప్రెసిషన్ బూస్ట్ ఓవర్‌డ్రైవ్ తెరిచి "అడ్వాన్స్‌డ్" ఎంచుకోండి. కొన్ని బోర్డుల్లో ఇదే మెనూ రెండు చోట్ల ఉంటుంది. ఒక్క చోటే మార్చండి.

2. పీబీఓ పరిమితులు ముట్టుకోవద్దు. 7600కు అవి 88 వాట్లు, నిలకడగా 75 ఆంపియర్లు, క్షణకాలం 150 ఆంపియర్లు. గేముల్లో ఈ చిప్ సాధారణంగా 50 నుంచి 70 వాట్లే తాగుతుంది. 88ని 142 చేస్తే సినీబెంచ్ స్కోరు పెరుగుతుంది, గేము మాత్రం ఉన్నచోటే ఉంటుంది. స్కేలర్‌ను ఆటోలోనే వదిలేయండి.

3. థర్మల్ లిమిట్ 85 పెట్టండి. 7000 సిరీస్ మామూలు చిప్పులకు ఇది 95, 7800ఎక్స్3డీకి 89. గేములో తేడా రాదు, ఫ్యాన్ మోత తగ్గుతుంది.

4. కర్వ్ ఆప్టిమైజర్‌లో ఆల్ కోర్స్, నెగటివ్, 10. సేవ్ చేసి సినీబెంచ్ పది నిమిషాలు నడపండి. స్కోరు పెరగాలి, లేదా వేడి తగ్గాలి. తర్వాత 15, ఆపైన 20.

5. 20 దగ్గర ఆగి కోర్‌సైకిలర్ నడపండి. ఇది ప్రైమ్95ను ఒక్కో కోరు మీద విడివిడిగా నడిపిస్తుంది. కోరుకు 20 నిమిషాలు పెడితే ఆరు కోర్లకు రెండు గంటలు. రాత్రి పెట్టి పొద్దున చూడండి. తప్పిన కోరు పేరు లాగ్‌లో ఉంటుంది.

6. పర్ కోర్‌కు మారి, తప్పిన కోరును అయిదు మెట్లు వెనక్కి తేండి. మిగిలిన వాటిని 25కు, 30కు తీసుకెళ్లి మళ్లీ పరీక్షించండి.

7. అంతా నిలబడ్డాకే బూస్ట్ ఓవర్‌రైడ్‌లో ప్లస్ 100, తర్వాత ప్లస్ 200 మెగాహెర్ట్జ్. ప్రతిసారీ అయిదో దశ మళ్లీ చేయాలి. 7800ఎక్స్3డీలో ఈ ప్లస్ పనిచేయదు, 9800ఎక్స్3డీలో పనిచేస్తుంది.

రైజెన్ మాస్టర్‌లో నక్షత్రం గుర్తున్న మంచి కోర్లే ముందుగా ఓడిపోవడం చూసి ఆశ్చర్యపోకండి. ఫ్యాక్టరీయే వాటిని అన్నిటికన్నా ఎక్కువ వేగానికి పంపుతోంది కాబట్టి వాటిలో అదనపు జాగా తక్కువ. నక్షత్రపు కోర్లు మైనస్ 10 దగ్గర, వెనకబడిన కోర్లు మైనస్ 30 దగ్గర స్థిరపడటం మామూలే.

సినీబెంచ్ గంటసేపు నిలబడిందని సంతోషపడి ఇక్కడే ఆపేవాళ్లు ఎక్కువ. అన్ని కోర్లూ పనిచేస్తున్నప్పుడు వేగం కాస్త తక్కువగానే ఉంటుంది. అసలు ప్రమాదం ఒకే కోరు గరిష్ఠ వేగానికి ఎగిరే క్షణంలో, అంటే బ్రౌజర్ తెరిచినప్పుడో, పీసీ ఖాళీగా ఉన్నప్పుడో. పరీక్షలన్నీ పాసైన పీసీ యూట్యూబ్ చూస్తుంటే రీస్టార్ట్ అయిందంటే అనుమానించాల్సింది ఇదే. ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నల్-పవర్ 41 ఒక్కటే ఉంటే "హఠాత్తుగా ఆగింది" అని తప్ప ఇంకేం తెలియదు. దాని దగ్గర్లో వియా-లాగర్ 18 (హార్డ్‌వేర్ లోపం నమోదు) ఉంటే అందులో ఏపీఐసీ ఐడీ (తప్పిన థ్రెడ్ నంబరు) ఉంటుంది. సాధారణంగా 0, 1 అయితే మొదటి కోరు, 2, 3 అయితే రెండో కోరు, అలా వరసగా. ఆ కోరును అయిదు మెట్లు వెనక్కి తేండి.

9000 సిరీస్‌లో కర్వ్ షేపర్ అని ఇంకో పరికరం వచ్చింది. వేగం, ఉష్ణోగ్రతల వారీగా వోల్టేజీని వేరువేరుగా దిద్దవచ్చు. కర్వ్ ఆప్టిమైజర్‌తో సంతృప్తి కలగనివారు అటువైపు వెళ్లవచ్చు, గేమింగ్‌లో దక్కేది ఆ శ్రమకు తగినంత ఉండదు.

ఇంటెల్ వారికి

13, 14 తరాల డెస్క్‌టాప్ చిప్పులు ఎక్కువ వోల్టేజీ వల్ల కాలక్రమేణా అస్థిరమవుతున్నాయని 2024లో తేలింది. దాన్ని అడ్డుకునేందుకు ఆగస్టులో 0ఎక్స్129, సెప్టెంబరులో 0ఎక్స్12బీ మైక్రోకోడ్‌లు (చిప్ లోపలి సూచనలకు సవరణలు, బయోస్‌తో వస్తాయి) వచ్చాయి. మీ బయోస్‌లో కనీసం ఈ రెండోదైనా లేకుండా ఏ సెట్టింగూ మార్చకండి. మైక్రోకోడ్ వెర్షన్ హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో కనబడుతుంది. ఇప్పటికే దెబ్బతిన్న చిప్‌ను మైక్రోకోడ్ బాగుచేయదు. అన్‌రియల్ ఇంజిన్ గేములు షేడర్లు (బొమ్మ గీసే చిన్న ప్రోగ్రాములు) కంపైల్ చేసేటప్పుడు "వీడియో మెమరీ చాలదు" అంటూ కూలిపోతుంటే, గ్రాఫిక్స్ కార్డును తిట్టేముందు చిప్‌ను అనుమానించండి. బాక్స్ చిప్పులకు ఇంటెల్ వారంటీని మరో రెండేళ్లు పెంచింది.

14600కేతో మొదలుపెట్టేవారు బయోస్‌లో ఇంటెల్ డిఫాల్ట్ సెట్టింగ్స్ ఎంచుకోండి. పవర్ లిమిట్ 181 వాట్లు ఉందో లేదో చూడండి. కోర్ వోల్టేజీని అడాప్టివ్‌లో ఉంచి, ఆఫ్‌సెట్ మైనస్ 0.025 ఇవ్వండి. సినీబెంచ్ స్కోరు, వేడి రెండూ చూస్తూ 0.050, 0.075 దాకా వెళ్లండి. వోల్టేజీ తగ్గించినా స్కోరు పెరగక, పైగా పడిపోతే సీఈపీ అనే రక్షణ అడ్డుపడుతోందని అర్థం. దాన్ని ఆపేయడం కన్నా ఆఫ్‌సెట్‌ను ఒక మెట్టు వెనక్కి తీసుకోవడం క్షేమం. పీ-కోర్ల (వేగవంతమైన ముఖ్య కోర్ల) వేగాన్ని 5.3 నుంచి 5.5కు పెంచాలన్న కోరిక ఆ తర్వాతే, అదీ ఒక్కో 100 మెగాహెర్ట్జ్ చొప్పున. ఈ తరాల చరిత్ర తెలిశాక వోల్టేజీ పెంచమని సలహా ఇవ్వడానికి చేయి రాదు.

కోర్ అల్ట్రా 200ఎస్ కే చిప్పులు కొన్నవారికి 2025 ఏప్రిల్‌లో ఇంటెల్ 200ఎస్ బూస్ట్ అనే ప్రొఫైల్ ఇచ్చింది. జెడ్890 బోర్డులో ఒక్క నొక్కుతో చిప్ లోపలి లంకెల వేగం పెరుగుతుంది. వారంటీకి భంగం లేకుండా దొరికే ఓవర్‌క్లాకింగ్ ఇది, వదులుకోకండి.

12400ఎఫ్ లాంటి తాళం వేసిన చిప్పులకు ఎక్స్ఎంపీ (ఇంటెల్ వైపు ర్యామ్ వేగపు ప్రొఫైల్) ఒక్కటే దారి. డీడీఆర్4 బోర్డయితే 3200 కర్రలే తీసుకోండి. ఈ చిప్పుల్లో ఎస్ఏ వోల్టేజీ (మెమరీ కంట్రోలర్‌కు అందేది) కదలదు కాబట్టి 3600ను గేర్ 1లో (కంట్రోలర్, ర్యామ్ ఒకే వేగంతో) మోయలేకపోవచ్చు.

బూట్ కాకపోతే, గేము తెరుచుకోకపోతే

సెట్టింగ్ మార్చాక పీసీ లేవకపోతే పవర్ ప్లగ్ పీకి, పవర్ బటన్ ఒకసారి నొక్కి మిగిలిన కరెంటు వదిలించండి. బోర్డు మీద సీఎంఓఎస్ క్లియర్ పిన్నులను స్క్రూడ్రైవర్ మొనతో పది సెకన్లు కలపండి. పిన్నులు అందకపోతే నాణెం లాంటి సీఆర్2032 బ్యాటరీ తీసి అయిదు నిమిషాలు ఆగండి. తర్వాతి బూట్‌లో మళ్లీ మెమరీ ట్రైనింగ్ జరుగుతుంది, ఓపిక పట్టండి.

సీఎంఓఎస్ క్లియర్ అయ్యాక విండోస్ వస్తుంది కానీ వాలరెంట్ తెరుచుకోదు. చాలా బోర్డుల్లో సెక్యూర్ బూట్ ఆఫ్ అయిపోయి ఉంటుంది. విండోస్ 11లో ఆ గేము మోసాల నిరోధక సాఫ్ట్‌వేర్ వ్యాన్‌గార్డ్‌కు సెక్యూర్ బూట్, టీపీఎం రెండూ కావాలి. బయోస్‌లో తిరిగి ఆన్ చేయండి. ఫ్యాన్ కర్వ్, ఎక్స్‌పో కూడా పోయి ఉంటాయి.

స్లీప్ నుంచి లేచినప్పుడు మాత్రమే హ్యాంగ్ అవుతుంటే ర్యామ్ వైపు చూడండి. బయోస్‌లో మెమరీ కాంటెక్స్ట్ రిస్టోర్ ఆఫ్ చేసి చూస్తే, బూట్‌కు మరికొంత సమయం పట్టినా, సమస్య తీరవచ్చు.

చివరి సెట్టింగ్ దొరికాక మొదటి రోజు కొలిచిన గేమునే, అదే దారిలో, మూడుసార్లు మళ్లీ కొలవండి. గ్రాఫిక్స్ కార్డు అడ్డుగా ఉన్న గేముల్లో తేడా కనబడదు, అక్కడ దక్కేది తక్కువ వేడి, తక్కువ మోత. ప్రాసెసర్ అడ్డుగా ఉన్నచోట ఒక శాతం నెమ్మది ఫ్రేముల అంకె కదలాలి. అది కదలకుండా సినీబెంచ్ స్కోరు మాత్రమే పెరిగితే డిఫాల్ట్‌కు తిరిగి వెళ్లడమే నయం.

నిలబడిన సెట్టింగ్‌ను బయోస్ ప్రొఫైల్‌గా సేవ్ చేయడంతో ఊరుకోకుండా ప్రతి తెరనూ ఫోన్‌తో ఫోటో తీసుకోండి. తర్వాతి బయోస్ అప్‌డేట్ ఆ ప్రొఫైళ్లను తుడిచేస్తుంది. పాత వెర్షన్ ప్రొఫైల్‌ను కొత్త వెర్షన్‌లోకి ఎక్కిస్తే కొన్ని అంకెలు తప్పుడు గళ్లలోకి చేరే ప్రమాదమూ ఉంది. ఫోటో చూసి మళ్లీ చేత్తో నింపడానికి అయిదు నిమిషాలు చాలు.